స్క్రోల్ సా కొనేటప్పుడు చూడాల్సింది అదురు

చెక్క పలక మీద పెద్ద ‘ర’ అక్షరం గీశారనుకోండి. బయటి గీత వెంబడి కోయడానికి నాలుగైదు రకాల రంపాలు పనికొస్తాయి. చిక్కంతా మధ్యలో ఉన్న ఖాళీతోనే. దాని చుట్టూ చెక్క ఉంది, రంపం లోపలికి వెళ్ళే దారి లేదు. బ్యాండ్ సా బ్లేడు చుట్టలా మూసుకుని ఉంటుంది కాబట్టి అంచు నుంచి కోసుకుంటూ రావాల్సిందే. జిగ్‌సాని బెజ్జంలోంచి దింపవచ్చు గానీ దాని బ్లేడు వెడల్పు ఎక్కువ. పైగా కింది కొసకు ఆధారం ఉండదు, మలుపు దగ్గర పక్కకు వంగిపోతుంది. స్క్రోల్ సా ఈ ఒక్క పని కోసమే పుట్టినట్టుంటుంది. అగ్గిపుల్ల దూరేంత బెజ్జం వేసి, బ్లేడు ఒక కొస విప్పి అందులోంచి దూర్చి, మళ్ళీ బిగించి కోస్తే లోపలి ముక్క చక్కగా ఊడి వస్తుంది.

ఇది కొత్త యంత్రమేమీ కాదు. చేత్తో లాగే ఫ్రెట్ సా దీనికి ముత్తాత. 19వ శతాబ్దంలో కుట్టుమిషన్‌లా కాలితో తొక్కే రకాలు ఇళ్ళలోకి వచ్చాయి, ఆ తర్వాత మోటారు చేరింది. సూత్రం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: సన్నని బ్లేడును రెండు కొసల దగ్గరా పట్టి లాగి, పైకీ కిందికీ ఆడించడం.

మరి కొనడానికి వెళ్తే ఇంత గందరగోళం ఎందుకు? ఎందుకంటే పెట్టె మీద రాసేవన్నీ సులువుగా కొలవగలిగిన అంకెలు. మోటారు వాట్లు, నిమిషానికి ఎన్ని స్ట్రోకులు (అంటే బ్లేడు ఎన్నిసార్లు పైకీ కిందికీ పోయి వస్తుంది), ఎంత మందం కోస్తుంది, ఎన్ని అంగుళాల రంపం. పని బాగా వస్తుందా రాదా అన్నది తేల్చే విషయాలేమో ఆ పెట్టె మీద ఎక్కడా ఉండవు. బ్లేడు నిటారుగా కదులుతుందా, బిగువు నిలుస్తుందా, బల్ల అదురుతుందా, బ్లేడు విప్పి బిగించడానికి ఎంతసేపు పడుతుంది అనేవి యంత్రం ముందు నిలబడి చూస్తే తప్ప తెలియవు.

మోటారు సంగతి ముందే తేల్చేద్దాం. ఈ రంపం బ్లేడు వెంట్రుకలాంటిది. బాగా వాడుకలో ఉన్న 5వ నంబరు బ్లేడు వెడల్పు సుమారు 1 మి.మీ., మందం 0.4 మి.మీ. అంత సన్నటి దాన్ని ఆడించడానికి పెద్ద శక్తి అక్కర్లేదు, చిన్న రంపాల్లో 90 నుంచి 150 వాట్ల మోటార్లు మామూలే. చెక్కను బలంగా తోస్తే మోటారు ఆగదు, అంతకన్నా ముందే బ్లేడు వంగుతుంది లేదా తెగుతుంది. కాబట్టి ఎక్కువ వాట్లున్నాయని ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

చేతులు ఎలా కదులుతాయన్నదే కీలకం

బ్లేడును పట్టుకునే పై చేయి, కింది చేయి కదిలే తీరును బట్టి ఈ రంపాలు స్థూలంగా మూడు నాలుగు రకాలు. పాత కాలపు రకంలో చేతులు కదలవు, బ్లేడును కింద నుంచి లాగితే పైన స్ప్రింగు మళ్ళీ వెనక్కి తీసుకుంటుంది. స్ట్రోకు అంతటా బిగువు ఒకేలా ఉండదు, బ్లేడ్లు తరచూ తెగుతాయి. ఎక్కడైనా పాత సామాన్లలో ఇది కనిపిస్తే చూసి ముచ్చటపడి వదిలేయండి.

రెండోది ‘సి’ ఆకారపు చేయి. పై చేయి, కింది చేయి ఒకే ముక్క, వెనక ఒకే కీలు మీద ఊయలలా ఊగుతాయి. దాంతో బ్లేడు తిన్నగా పైకీ కిందికీ పోదు, చిన్న విల్లులా వంపు తిరుగుతూ ముందుకీ వెనక్కీ కదులుతుంది. కోత దూకుడుగా, వేగంగా సాగుతుంది, తిన్నని గీతలకు ఇబ్బంది లేదు. చిన్న మలుపు వచ్చినప్పుడే తేడా తెలుస్తుంది. చెక్క పై భాగంలో బ్లేడు ఒకచోట, అడుగున మరోచోట ఉంటుంది కాబట్టి మూల దగ్గర కోత గోడ నున్నగా రాదు.

మూడోది సమాంతర చేతులు. పై చేతికి ఒక కీలు, కింది చేతికి ఒక కీలు. రెండూ జంటగా కదులుతాయి, బ్లేడు దాదాపు నిటారుగా ఉంటుంది. జర్మనీలో తయారయ్యే హెగ్నర్ రంపాలు ఈ పద్ధతికి పేరుపడ్డాయి. ఆ తర్వాత వచ్చినది సమాంతర లింకు పద్ధతి. ఇందులో పొడవాటి చేతులు మొత్తంగా ఊగవు. వాటి లోపల ఉన్న కడ్డీలు ముందుకీ వెనక్కీ జరుగుతాయి, ముందు కొసన ఉన్న పొట్టి లింకులు ఆ కదలికను బ్లేడుకు అందిస్తాయి. డివాల్ట్ డీడబ్ల్యూ788, ఎక్స్‌కాలిబర్ రంపాలు ఈ కోవలోవే.

ఇక్కడ అసలు విషయం బరువు. గరిష్ఠ వేగం నిమిషానికి 1750 స్ట్రోకులంటే సెకనుకు 29 సార్లు పైకీ కిందికీ పోయి రావడం. అడుగున్నర పొడవున్న ఇనప చేతులు ఆ వేగంతో ఊగితే ఆ దెబ్బంతా బల్లకు, బల్ల మీది చెక్కకు, చెక్క మీది మీ వేళ్ళకు చేరుతుంది. కదిలే భాగాలు ఎంత చిన్నవైతే అదురు అంత తగ్గుతుంది, కదలని భాగాలు ఎంత బరువైతే అంత మేలు. డివాల్ట్ రంపం బరువు 25 కిలోల దాకా ఉంటుంది. తేలికపాటి రంపాలు అందులో సగం కూడా తూగవు. మోసుకెళ్ళడానికి తేలిక అని అమ్మేవాళ్ళు చెప్తారు. నిజమే, అది ఆడేటప్పుడు బల్ల మీద తనంతట తానే నడుచుకుంటూ వెళ్ళడానికీ తేలికే.

అదురును తేలిగ్గా తీసుకోవద్దు. కన్ను గీత మీద పెట్టి గంటసేపు కూర్చునే పని ఇది. గీతే వణుకుతుంటే కళ్ళు లాగుతాయి, మణికట్లు తిమ్మిరెక్కుతాయి, సన్నటి ముక్క వేళ్ళ కింద టకటకా ఎగురుతుంది. రంపపుకోత అనే మాట ఎలా పుట్టిందో అప్పుడు అర్థమవుతుంది.

చూడటం ఎలాగంటే, బ్లేడు బిగించి, కనిష్ఠ వేగంలో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. బల్ల మీద ఒక నాణెం అంచు మీద నిలబెట్టండి. మంచి రంపం మీద అది చాలా వేగాల దగ్గర నిలబడే ఉంటుంది. దాదాపు ప్రతి యంత్రానికీ ఏదో ఒక వేగం దగ్గర ఒళ్ళంతా పూనకం వచ్చినట్టు ఊగే చోటు ఉంటుంది. అది మీరు ఎక్కువసేపు పనిచేసే మధ్య వేగాల్లో పడుతోందా, ఎప్పుడో తప్ప వాడని కొసన పడుతోందా చూసుకోండి. రంపాన్ని బోల్టులతో బిగించకుండా ఊరికే బల్ల మీద పెట్టి చూపిస్తే మాత్రం ఆ పరీక్షను నమ్మకండి. గట్టి స్టాండుకు బిగించాక సగం అదురు మాయమైన యంత్రాలూ ఉన్నాయి.

పిన్ను ఉన్న బ్లేడు, లేని బ్లేడు

నా మొదటి రంపం విషయంలో నేను చేసిన పొరపాటు ఇక్కడే. చవగ్గా వచ్చిందని కొన్నాను. ఇంటికి తెచ్చి, రెండంగుళాల ఎత్తు అక్షరాలతో ఒక పేరు గీసి, ‘ర’ లోపలి ఖాళీలో సన్నటి బెజ్జం వేసి బ్లేడు దూర్చబోతే దూరలేదు. దాని రెండు కొసల్లోనూ అడ్డంగా చిన్న పుల్లలాంటి పిన్ను ఉంది. ఆ పిన్ను దూరాలంటే సుమారు పావంగుళం బెజ్జం కావాలి. నా అక్షరంలో ఖాళీయే అంత లేదు. బెజ్జం వేస్తే కోయడానికి ఇంకేమీ మిగలదు.

పిన్ను బ్లేడు కొక్కేనికి తగిలించినట్టు క్షణంలో పడుతుంది, పిల్లల బొమ్మలకు, పజిళ్ళకు బాగానే సరిపోతుంది. కానీ మరీ సన్నటి రకాలు పిన్నుతో దొరకవు, ఎంచుకోవడానికి రకాలూ తక్కువే. పిన్ను లేని సాదా బ్లేడు మామూలుగా 5 అంగుళాల పొడవుంటుంది. దాన్ని రెండు దవడల మధ్య పెట్టి మర తిప్పి బిగించాలి. జాలీ పని, అక్షరాలు, చెక్కలో చెక్క పొదగడం వంటివి చేయాలనుకుంటే పిన్ను లేని బ్లేడు పట్టే రంపమే తీసుకోండి. రెండూ పడతాయని చెప్పే రంపమైతే సాదా బ్లేడు పట్టే క్లాంపు ఎలా ఉందో బిగించి చూడండి. కొన్నిట్లో అది విడిగా వచ్చే నాసిరకం ముక్క. పని మధ్యలో బ్లేడు జారిపోతూ ప్రాణం తీస్తుంది. కొత్త బ్లేడు కొసలకు నూనె జిడ్డు ఉంటే కూడా జారుతుంది, ఎమెరీ పేపరుతో రెండు రుద్దులు రుద్దితే సరిపోతుంది. ఇందుకు క్లాంపును తిట్టక్కర్లేదు.

బ్లేడు మార్చడానికి పట్టే సమయాన్ని చాలామంది పట్టించుకోరు. ఒక్కసారికైతే అది లెక్కలోది కాదు. కానీ జాలీ పలక ఒకటి మొదలుపెడితే అందులో 80 ఖాళీలు ఉండటం పెద్ద విశేషమేం కాదు. ఒక్కో ఖాళీకి బ్లేడు పై కొస విప్పాలి, బెజ్జంలోంచి దూర్చాలి, బిగించాలి, బిగువు సరిచేయాలి. చేత్తో తిప్పే నాబ్, ముందువైపునే బిగువు మీట ఉన్న రంపంలో 20 సెకన్లు పట్టిందనుకుంటే 80 ఖాళీలకు అరగంట లోపే. హెక్స్ కీతో విప్పుతూ, బిగువు కోసం ప్రతిసారీ రంపం వెనక్కి చెయ్యి చాస్తూ 2 నిమిషాలు పట్టిందా, 2 గంటల 40 నిమిషాలు. అంతసేపూ ఒక్క గీత కూడా కోయరు.

పై చేయి పైకెత్తితే అక్కడే నిలుస్తుందో లేదో కూడా చూడండి. నిలిస్తే పలకను బ్లేడు మీదికి పై నుంచి దింపవచ్చు, బెజ్జం కంటికి కనిపిస్తుంది. ఎక్స్‌కాలిబర్ రకం రంపాలను చాలామంది ఇష్టపడటానికి ఇదొక కారణం. లేదంటే బల్ల అడుగున తడుముతూ బ్లేడు కొసను పట్టుకోవాలి. కొందరు దానికే అలవాటుపడి అదే బాగుందంటారు, నాకు మాత్రం పై నుంచి దింపడమే హాయి.

వీణ తీగలా

బ్లేడు బిగువు సరిగ్గా ఉందో లేదో చెవితో తెలుసుకోవచ్చు. గోటితో మీటితే వీణ తీగలా ‘టింగ్’ మని స్పష్టమైన స్వరం పలకాలి. ‘డబ్’ మంటే వదులు. వేలితో పక్కకు నెడితే 3 మి.మీ. కన్నా ఎక్కువ వంగకూడదు. వదులుగా ఉంటే మందపాటి చెక్కలో బ్లేడు మధ్యలో పొట్టలా ఉబ్బుతుంది, ముక్క పై అంచు గీత మీద ఉన్నా అడుగు అంచు ఎక్కడికో పోతుంది. నాణ్యమైన రంపంలో పది నిమిషాలు కోశాక కూడా అదే స్వరం పలుకుతుంది. కొనేచోట వీలైతే ఇదొక్కటైనా చేసి చూడండి: కోయకముందు మీటండి, ఒక పలక కోశాక మళ్ళీ మీటండి.

ఇక అందరినీ కంగారుపెట్టే విషయం ఒకటుంది. కొత్త రంపం, కొత్త బ్లేడు. తిన్నగా తోస్తే కోత గీత వదిలి ఒక పక్కకు లాగుతుంది. యంత్రంలో లోపముందని వెనక్కి పంపేసినవాళ్ళూ ఉన్నారు. నేను కూడా ఓ వారం పాటు బల్ల విప్పడం, బిగించడం చేశాను. తప్పు యంత్రానిది కాదు. ఈ బ్లేడ్లు చాలావరకు తయారయ్యేటప్పుడు ఒక పక్క పళ్ళ అంచున సన్నటి ముళ్ళలాంటి గరుకు మిగులుతుంది. ఆ పక్క ఎక్కువ కోస్తుంది, బ్లేడు అటే లాగుతుంది. చెక్కను కొన్ని డిగ్రీలు వాలుగా పెట్టి తోస్తే కోత గీత మీదికి వస్తుంది. రెండు మూడు రోజుల్లో చేతులకు అదే అలవాటవుతుంది. గ్రైండింగ్‌తో పళ్ళు తీర్చిన బ్లేడ్లలో ఈ లాగుడు తక్కువ.

అందుకే రంపానికి పెట్టే డబ్బులో కొంత మంచి బ్లేడ్లకు మిగుల్చుకోమంటాను. నంబరు పెరిగేకొద్దీ బ్లేడు మందంగా, వెడల్పుగా ఉంటుంది. పల్చటి పొరలకు 2/0 (సున్నా నంబరు కన్నా సన్నటిది), ముప్పావు అంగుళం చెక్కకు 5, ఇంకా గట్టిదైతే 7, 9. అడుగున కొన్ని పళ్ళు తిరగబడి పైకి చూసే రకం ఉంటుంది, అది చెక్క అడుగు అంచున పీచు లేవకుండా చూస్తుంది. బిగించేటప్పుడు బ్లేడు పైకి వచ్చిన స్థితిలో ఆ తిరగబడ్డ పళ్ళు రెండు మూడు మాత్రమే బల్ల పైన కనిపించాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే చెక్కను పైకి ఎగదోస్తాయి. మెలితిరిగిన స్పైరల్ బ్లేడు అన్ని వైపులా కోస్తుంది, పలకను తిప్పక్కర్లేదు. గీత మాత్రం కొంచెం గరుకుగా వస్తుంది.

ఎన్ని అంగుళాల రంపం?

16, 18, 20 అంటూ చెప్పే అంగుళాలు బ్లేడు నుంచి వెనక ఫ్రేము దాకా ఉన్న దూరం. 16 అంగుళాల రంపంలో పలకను అటూ ఇటూ తిప్పుకుంటే 32 అంగుళాల పలక మధ్య భాగం దాకా అందుతుంది. చేసే పనిలో ఎక్కువ భాగం అడుగు లోపువే అయితే 16 సరిపోతుంది. పెద్ద పలకల మీద పనుంటే 20, 21 తీసుకోండి. కానీ చేయి పొడవయ్యేకొద్దీ ఊగే బరువు పెరుగుతుంది. నాసిరకం పెద్ద రంపం కన్నా గట్టి చిన్న రంపం నయం.

2 అంగుళాల మందం కోస్తుందని దాదాపు అన్నిటి మీదా రాసి ఉంటుంది. కోస్తుంది. ఓపిక ఉండాలి, గీత తప్పినా ఏమీ అనుకోకూడదు. హాయిగా పని సాగేది ముప్పావు అంగుళం నుంచి అంగుళం వరకే.

వేగం మార్చుకునే వీలు మాత్రం తప్పనిసరి. నిమిషానికి 400 స్ట్రోకుల దగ్గర మొదలై 1600, 1800 దాకా పోయే రకం అయితే చాలు. ప్లాస్టిక్ వేగంగా కోస్తే కరిగి వెనకే మళ్ళీ అతుక్కుంటుంది, పల్చటి పొర విరుగుతుంది, కొన్ని గట్టి చెక్కలు అంచున నల్లగా మాడతాయి. చెక్క మీద అంటించిన నమూనా కాగితం పైన ప్యాకింగ్ టేపు అంటిస్తే మాడటం తగ్గుతుంది. ఇది చాలామంది పాటించే చిట్కా.

బల్ల వంపు గురించి ప్రకటనల్లో గొప్పగా చెప్తారు. 45 డిగ్రీలు వంచి కోసే పని రోజూ ఉండదు. రెండు రంగుల చెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కొన్ని డిగ్రీల వాలుతో కలిపి కోస్తే ఒక ముక్క రెండో దానిలో సందు లేకుండా కూర్చుంటుంది. ఒకే పలకను వాలు కోతతో వలయాలుగా కోసి పేర్చి గిన్నెలు చేసేవాళ్ళకూ ఇది కావాలి. ఆ పనులు ఉంటే, బల్ల వంగకుండా తల భాగమే వాలే రంపం సౌకర్యం, చెక్క జారిపోదు. మిగతావాళ్ళకు కావాల్సింది కచ్చితమైన 90 డిగ్రీలు. బల్ల మీద చెక్కి ఉన్న డిగ్రీల గీతలను నమ్మకండి. రెండంగుళాల మందం ఉన్న తుక్కు ముక్క తీసుకుని ముందు అంచున చిన్న గాటు పెట్టండి. ముక్కను బోర్లించకుండా బ్లేడు వెనక్కి తిప్పి, అదే గాటును వెనక నుంచి బ్లేడు మీదికి జరపండి. సాఫీగా దూరితే బల్ల సరిగ్గా ఉన్నట్టే. వాలు ఉంటే ఆ తప్పు రెట్టింపై కనిపిస్తుంది, బ్లేడు దూరదు. మూలమట్టం కన్నా నాకు ఇదే నమ్మకం.

లేజర్ గీత, రంగురంగుల డిస్‌ప్లే లాంటివి పైన పటారం లోన లొటారం బాపతు. వంకర గీతల్లో పనిచేసే రంపానికి తిన్నటి లేజర్ గీత దేనికి? పొట్టు ఊదే గొట్టం మాత్రం తప్పక ఉండాలి, గీత కనిపించకపోతే పనే లేదు. అది ఊదేది సన్నటి దుమ్ము, నేరుగా మీ ముఖం వైపే లేస్తుంది. మాస్కు పెట్టుకోండి. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) కోసేటప్పుడైతే మరీనూ. కాలితో నొక్కే స్విచ్చు విడిగా కొనుక్కోవచ్చు. రెండు చేతులూ చెక్క మీదే ఉండగా ఆపగలగడం, అందులోనూ బ్లేడు తెగినప్పుడు, ఎంత ఊరటో ఒకసారి వాడితే తెలుస్తుంది. తెగిన బ్లేడు పై ముక్క రంపం పై చేతికి బిగించే ఉంటుంది, కుట్టుమిషన్ సూదిలా పొడుస్తూ పోతుంది. కొన్ని రంపాల్లో బ్లేడు తెగగానే పై చేయి లేచి ఆగిపోతుంది. ఉంటే అది మంచి లక్షణమే.

డబ్బు తక్కువైతే కొత్త చవక రకం కన్నా వాడిన మంచి రకం వైపు మొగ్గుతాను. చూసేటప్పుడు రంపం ఆపి ఉంచి పై చేయి కొసను పట్టుకుని పక్కలకు ఊపండి. కొద్దిగా కదిలితే పరవాలేదు, లోపల టకటకలాడితే బేరింగులో, బుష్‌లో అరిగాయి. క్లాంపు మర కొస అరిగి గుండ్రంగా అయిందేమో చూడండి. అది చిన్న ముక్కే, కానీ ఆ మోడల్‌కు ఇప్పుడు విడిగా దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే డబ్బు ఇవ్వండి. రంగు పోయిందని, బల్ల మీద కాస్త తుప్పు ఉందని వెనకాడకండి. తుప్పు ఎమెరీ పేపరుతో ఒక సాయంత్రం పని.